మగ్గం గదిలో యునిక్స్ కంప్యూటర్‌కు బొట్టు

మా మరిది ఆదోనిలో పాత సామాను కొట్టు నుంచి యునిక్స్ అనే వ్యవస్థతో నడిచే పాత కంప్యూటర్ ఒకటి కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఎమ్మిగనూరు తెచ్చాడు. దాని తెర మా బియ్యం డబ్బా అంత లావు. చీర అంచుల డిజైన్లు గళ్లలో గీయాలని దానికోసం ఒక ప్రోగ్రాం కూడా తనే రాసుకున్నాడు. ఇంట్లో చోటెక్కడ? మగ్గం గదిలో అత్త రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టుకునే మూల దొరికింది. రాట్నం నా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది.

అసలు చిక్కు విండోలతో వచ్చింది. కంప్యూటర్‌లో ముందు నుంచీ ఉన్న తెర ఏర్పాటు చాలా బరువైనది. అందులోని రంగులను, నీడలను, బొమ్మలను ఆ ముసలి యంత్రం మోయలేకపోయేది. ఒక విండో తెరవమని చెప్పి నేను ఎసరు పెట్టి వచ్చినా సగమే కనిపించేది. రెండోది తెరిస్తే బిగుసుకుపోయేది.

అత్త ఒకటే మాట చెప్పింది.

"ఆయుధపూజకు నా ఇంట్లో పనిచేసేవాటికే బొట్టు. దీనికి బొట్టు పడకపోతే మర్నాడే పాత సామానుకు పోతాది. నా మూల నాకొస్తాది."

మరిదికి అన్నం సహించలేదు. ఫోన్లో వెతికి వెతికి, పాత యంత్రాలంటే మోజున్నవాళ్లు చేసిపెట్టిన తేలికైన విండోల ఏర్పాటు ఒకటి పట్టుకున్నాడు. పండగ పొద్దున్నే దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అత్త పసుపు కుంకుమలతో మగ్గం, పోగు మోసే నాడె, కత్తెర, నా కుట్టుమిషను దాటి వచ్చేసరికి తెర వెలిగింది. బొమ్మ లేదు, రంగు లేదు. వట్టి బూడిదరంగు.

"సచ్చిపోయినట్టుండాది లేరా, ఆ పక్క పట్టు, మోసుకుపోదాం," అని మా ఆయన నవ్వాడు.

"ఉండన్నా, ఇది ఇట్లనే ఉంటాది!"

అత్త కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగింది. ఆ బూడిదరంగు నిండా ఒక నల్ల చుక్క, ఒక తెల్ల చుక్క.

"సాదా నేత కదరా ఇది! ఒకటి పైకి, ఒకటి కిందికి. యాడా పోగు తెగలే. బాగనే నేసింది గానీ, అంచు యాడ?"

మా ఆయన నవ్వు ఆగిపోయింది. మరిది ఆ బూడిదరంగు మీద మౌస్ నొక్కగానే ఏం తెరవాలో అడిగే చిన్న పట్టీ దిగింది. ఒక విండో తెరుచుకుంది, వెంటనే పక్కన ఇంకొకటి. ఒకదాంట్లో గళ్లు, ఒకదాంట్లో గోపురం అంచు. ఈసారి నాకు ఎసరు పెట్టి వచ్చే తీరికే దొరకలేదు.

"గోపురాలు ఇంత ఇరుగ్గానా? దూరం జరుపు," అంది అత్త.

జరిపాడు.

"ఇంగొంచెం. ఆఁ, ఇప్పుడు గాలాడతాంది."

అని కుంకుమలో వేలు ముంచి, తెర నడిమధ్యన అద్దం మీదే పెట్టింది.

"అమ్మా, అద్దం మీద వద్దమ్మా! వదినా, నువ్వైనా సెప్పు!"

"నోర్ముయ్. తుడిసినావంటే సూడు."

ఆ బొట్టు తనంతట తాను ఎండి రాలేదాకా, మరిది విండోలను దానికి అటొకటి ఇటొకటి జరుపుకుని అంచులు గీశాడు.