బాత్రూం బిళ్ళ

జెస్సీకి నోరు ఊరుకోదు. కొండాపురంలో పుట్టి అనంతసాగరం పక్క ఊరికి కోడలుగా వచ్చినా ఆ గుణం మాత్రం వదల్లేదు. చర్చిలో పాస్టరమ్మ "ఏమన్నా సందేహముందా?" అనడమే ఆలస్యం, మొదట లేచేది ఆవిడే. ఆ నోరు చూసే ఆత్మకూరు దగ్గర చొక్కాల కంపెనీలో ఆమెను టీమ్ లీడర్‌ని చేశారు. లీడరంటే జీతం పెరిగిందనుకునేరు, అదేం లేదు. అందరిలాగే మిషను ముందు కూర్చుని చొక్కాలకు చేతులు కుట్టాలి. శనివారం సాయంత్రం మాత్రం ఇంకో నలుగురితో కలిసి, పనిలో ఎక్కడ చిక్కు పడుతుందో కనిపెట్టి, దానికో దారి చెప్పాలి.

"పని చేసేవాళ్ళకే పని కష్టం తెలుసమ్మా. మీరు చెప్పండి, మేం చేస్తాం" అన్నాడు మేనేజరు మాధవ్. జెస్సీ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? అంతకుముందు ఆమెను ఇలా కూర్చోబెట్టి అడిగినవాళ్ళెవరు గనక!

వాళ్ళ లైను మాటిమాటికీ ఆగిపోతోంది. ఎందుకో తేల్చాలి. మాధవ్ బోర్డు మీద చేప ముల్లు బొమ్మ గీసి, తల దగ్గర సమస్య రాయమన్నాడు, ముళ్ళ దగ్గర కారణాలు.

"ఇది బొచ్చె చేపా, జెల్లా సార్?" అంది ఆ నలుగురిలో ఒకతె, షైనీ. అందరూ పడీపడీ నవ్వారు. సోమశిల చేపలు తిని పెరిగినవాళ్ళకు ముళ్ళ సంగతి ఒకరు నేర్పాలా! నవ్వుతూనే తేల్చేశారు. సూదులు విరగడం, దారం తెగడం ఇవన్నీ చిన్న ముళ్ళు. పెద్ద ముల్లు ఒకటుంది. అంత షెడ్డుకీ ఆడవాళ్ళకు ఒకటే బాత్రూం. ఒకరు లోపలుంటే నలుగురు బయట నిలబడాలి. అంతసేపూ ఇక్కడ మిషన్లు ఖాళీ.

రెండో బాత్రూం కట్టించమని రాసి ఊరుకున్నా సరిపోయేది. ఒక మనిషి బాధ చెబితే సారు మనసు కరుగుతుందనుకుంది జెస్సీ. "మా మాలకొండమ్మత్తకు షుగరు ఉండాది సార్. గంటగంటకీ పోవాల. ఆ వరసలో నిలబడలేక ఏడుస్తాది" అంది.

మాలకొండమ్మ జెస్సీకి చుట్టమేం కాదు. ఒకే ఊరు, ఒకే షేరాటో. జెస్సీ పనిలో చేరిన కొత్తలో సూది వేలిలో దిగబడితే, ఆ వేలికి గుడ్డ చుట్టి, తన కాలర్ల పనితోపాటు జెస్సీ పని కూడా సాయంత్రం దాకా లాక్కొచ్చింది ఆమే. రోగమొచ్చి గొర్రెలు పోయాక ఆ ఇంట్లో మొగుడు సిద్ధయ్యకు పని లేదు. ఆమె జీతం మీదే పొయ్యి వెలగాలి.

కొన్నాళ్ళకు బాత్రూం రాలేదు గానీ, బిళ్ళ వచ్చింది. ఉదయగిరిలో గరిటెలు చేసేవాళ్ళ చేత నున్నగా చెక్కించిన చెక్క బిళ్ళ. లైనుకొకటి. సూపర్‌వైజరు పెంచలనరసయ్య బల్ల పక్కన మేకుకు తగిలించారు. బిళ్ళ తీసుకున్నవాళ్ళే వెళ్ళాలి, వాళ్ళు తిరిగొచ్చేదాకా మిగతావాళ్ళు మిషను వదలకూడదు. ఇక వరస ఎక్కడిది? మిషన్లు ఆగడం లేదు. సమస్య తీరిపోయింది, చూశారా ఎంత తెలివో!

జెస్సీ మాధవ్ గదికి పోయింది. "మేం బాత్రూం అడిగినాం సార్, బిళ్ళ అడగలేదు."

"కట్టాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలమ్మా. లైను ఆగడం తగ్గిందా, లేదా?"

"తగ్గింది సార్, కానీ..."

"మరింకేం? మీ టీమే ఫస్టు" అని నవ్వుతూ బహుమతిగా చేతిలో స్టీలు క్యారియరు పెట్టాడు. తిట్టి ఉంటే తిరగబడేది. నవ్వే మనిషిని ఏం చేస్తుంది? ఆ క్యారియరు పట్టుకుని బయటికొస్తుంటే సిగ్గుతో చచ్చిపోయింది.

అందరం కలిసి పోయి అడుగుదాం అంది టీమ్‌తో. షైనీ తల దించుకుంది. "నాకు పిల్లలుండారక్కా, నన్నొదిలెయ్" అంది. మిగతా ముగ్గురూ అదే మాట.

మాలకొండమ్మ నీళ్ళు తాగడం మానేసింది. "తాగితేనే గదా పాపా పోయేది" అనేది, నాలుక పిడచకట్టుకుపోతున్నా. జెస్సీ బాటిలు తెచ్చి బతిమాలితే పెదవులు తడుపుకుని ఇచ్చేసేది.

ఒకరోజు బిళ్ళ తీసుకుపోయినవాళ్ళు ఇంకా తిరిగి రాలేదు. మాలకొండమ్మ ఒకసారి అడిగింది, ఇంకోసారి అడిగింది. "బిళ్ళ రానీయమ్మా" అన్నాడు పెంచలనరసయ్య, ఆమె మొహం చూడకుండా. "ఏంది సార్, మనిషి కాదా ఆమె!" అని జెస్సీ అరుస్తూ లేచేసరికే ఆలస్యమైపోయింది. మాలకొండమ్మ చీర తడిసింది. కుట్టు ఆపకుండా, తలెత్తకుండా అలాగే కూర్చుంది.

జెస్సీ తన ఏప్రాన్ విప్పి ఆమె నడుముకు చుట్టి లేవదీసింది. "పదత్తా, నేనూ వస్తాను."

"వద్దు పాపా. ఇద్దరం లేస్తే లైను ఆగిపోతాది. మళ్ళీ నిన్నంటారు" అంది మాలకొండమ్మ. ఆ గొంతులో కాస్తయినా కోపం లేదు. కోపగించుకున్నా బాగుండేది. ఒక్కతే గేటు వైపు నడిచింది. ఇంక రేపట్నుంచి రానని చెప్పకపోయినా, ఆ నడక చూస్తే జెస్సీకి తెలిసిపోయింది.

కాలర్లు రాకపోయేసరికి వెనక మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. "కాలరు దగ్గర ఎవరమ్మా? తొందరగా!" అని కేకేశాడు పెంచలనరసయ్య. ఎవరూ కదల్లేదు. అందరూ జెస్సీ వైపే చూశారు.

జెస్సీ గుడ్డపేలిక తీసుకుని మాలకొండమ్మ స్టూలు తుడిచింది. దాని మీద కూర్చుని కాలరు కుట్టడం మొదలుపెట్టింది.