ఋతుజ తల ఊపింది

ఋతుజకు ఉద్యోగం వచ్చిన రోజు వాళ్ల నాన్న బాలయ్య గల్లీ అంతా పాలకోవా పేడాలు పంచాడు. ఆ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదనీ, మూడు నెలలు చూశాకే ఉంచుకునేదీ లేనిదీ తేలుస్తారనీ మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి నాకు చెప్పి, మూడు నెలలూ నా ప్రాణం తోడేసింది ఆ పిల్ల.

నా పేరు గోదావరి. ఈ మరాఠీ ఊళ్లో, మన మగ్గాలవాళ్లుండే కుంఠా నాకాలో, వాళ్ల పక్కిల్లే మాది. తెలుగు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అందుకని నలుగురిలో మాట్లాడటం నా దగ్గరే నేర్చుకోవాలని ఋతుజ పట్టు. వాళ్లింట్లో కింద ఆరు మరమగ్గాలు. వాటి మీద బాలయ్య టవల్స్ నేస్తాడు. పైగదిలో వాళ్లమ్మ పద్మ బీడీలు చుడుతుంది. ఋతుజ పుట్టిందీ, పెరిగిందీ, బీకాం ఫస్ట్ క్లాసులో పాసయిందీ ఆ మోతలోనే.

ఆఫీసు మ్యూచువల్ ఫండ్లు అమ్మే చిన్న కంపెనీ. లెక్కల్లో ఆమెకు వంక పెట్టేవాళ్లు లేరు. మేనేజరు అమోల్ సారు కూడా ఆ మాటే అన్నాడట. కాకపోతే రెండు తప్పులు పట్టాడు. కస్టమర్లతో పోట్లాటకు వచ్చినట్టు గొంతు పెంచి మాట్లాడుతుందట. పైగా వాళ్ల కళ్లలోకి చూడకుండా మూతి వైపు చూస్తుందట. డబ్బు పెట్టేవాళ్లకు నీ మొహంలో ధైర్యం కనిపించాలి, కళ్లలోకి చూడు, నవ్వు, వాళ్లు చెప్పేదానికి తల ఊపు అన్నాడు. అవి రాకపోతే ఉద్యోగం ఖాయమన్న లెటర్ ఇవ్వడు.

"మనిషి మాట్లాడ్తుంటె మూతి గాక ఇంకేడ జూస్తరత్తా?" అని అడిగింది నన్ను.

ఏం చెప్పను? మగ్గాల ఇళ్లలో అందరం అంతే. మోతలో మాట చెవికి చేరదు, పెదాలు చూసి అందుకోవాలి. బజారుకు వెళ్లినా అదే అరుపు, అదే చూపు. కొంతం చౌక్‌లో మా ఆడవాళ్లు ఇద్దరు కూరగాయలు బేరమాడితే చుట్టుపక్కల నలుగురు తగువనుకుని ఆగుతారు.

రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను కస్టమర్‌ని. "నా కళ్లు చూడవే" అని కసిరితే చూసేది, కానీ మాట తడబడేది, అడిగినదానికి కాక ఇంకేదో చెప్పేది. అరచేతులకు చెమట పట్టేది. నాకు కోపం వచ్చేది. ఇంత చదివి ఇంత పిరికితనమేమిటని తిట్టాను కూడా. ఆ తిట్లు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడో నెల చివరి వారం, మంగళవారం నాడు, ఎగురుకుంటూ వచ్చింది. ద్రౌపది అనే ముసలావిడ ఆఫీసుకు వచ్చిందట. నలభై ఏళ్లు బీడీలు చుట్టి మానేసిన మనిషి. చేతికొచ్చిన పీఎఫ్ డబ్బంతా ఎక్కడ పెట్టాలో అడిగిందట. ఋతుజ కళ్లలోకి చూసింది, నవ్వింది, తల ఊపింది. శనివారం చెక్కు తెస్తానని చెప్పి వెళ్లిందావిడ. అద్దం అవతల నుంచి చూసిన అమోల్ సారు, శనివారమే లెటర్ కూడా ఇస్తానన్నాడు.

బుధవారం చౌక్‌లో ఆ ద్రౌపదే నాకు ఎదురుపడింది. మా బడిలో ఆవిడ మనవలు చదివారు. పొగాకు దగ్గు ఆవిడకు. నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడుతుంది.

"మీ పక్కింటి పిల్ల బంగారం టీచరమ్మా. నా పైసలు మునుగయి గద బిడ్డా అని అడిగిన. నవ్వుకుంట తలూపింది. గా మొఖం జూసినంక నాకు ధైర్యమైంది" అన్నది.

షేర్ల మీద నడిచే ఫండ్‌లో డబ్బు పెరగనూ వచ్చు, తరగనూ వచ్చు. ఋతుజ నాకు మూడు నెలలుగా వల్లె వేసి వినిపించిన మొదటి పాఠమే అది.

ఆ సాయంత్రం ఋతుజను అడిగాను. పిల్ల మొహం పాలిపోయింది. "గామె గట్లెప్పుడు అడిగిందత్తా? నన్నేం అడగలే" అన్నది.

అబద్ధం చెప్పే పిల్ల కాదు. ఏమీ పాలుపోక లేచి చాయ్ పెట్టాను. కరెంటు పోయి ఆ పూట మగ్గాలు ఆగి ఉన్నాయి, గల్లీ నిశ్శబ్దంగా ఉంది. పొయ్యి వైపు తిరిగి ఉండగానే, చక్కెర ఎంత వేయమంటావని అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ పిల్ల గోడకేసి చూస్తూ కూర్చుని ఉంది.

ఎదురుగా వెళ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చక్కెర ఎంతని మళ్లీ అడిగాను. నవ్వి తల ఊపింది.

"ఋతుజా, నీకు వినిపించడం లేదే" అన్నాను, కొంగు తీసి.

"సగం వినవడ్తదత్తా. మిగిలింది నోరు జూస్తె సమజైతది. అందరికి గట్లనే ఉంటది గద?" అన్నది.

ఇరవై రెండేళ్లు పక్కింట్లో ఉండి కనిపెట్టలేకపోయాను. వాళ్ల నాన్నకు చెబితే, "మా అందరికి గట్లనే ఉన్నది టీచరమ్మా, గదేం బీమారి?" అన్నాడు.

నా పిరికితనం కూడా చెప్పాలి. "శనివారం లెటర్ చేతికి రానీ, తర్వాత ద్రౌపదికి మెల్లగా చెప్దాం" అన్నాను. గురు, శుక్రవారాలు ఋతుజ ముద్ద ముట్టలేదని పద్మ బీడీల చాట పక్కన పెట్టి మరీ వచ్చి మొత్తుకుంది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ ముసలావిడ నలభై ఏళ్ల కష్టం తన తల ఊపు మీద పోతుంది. శుక్రవారం సాయంత్రం నా గుమ్మంలో నిలబడి, "రేపు నా ఎంబడి రా అత్తా" అని మాత్రం అన్నది.

శనివారం ఆఫీసులో నన్ను ఓ మూల కూర్చోబెట్టారు. ద్రౌపది చెక్కు తీసి బల్ల మీద పెట్టింది. అమోల్ సారు కూడా వచ్చి పక్కనే కూర్చున్నాడు. ఋతుజ ఫారం ముట్టుకోలేదు.

"పెద్దమ్మా, జర కొంగు తియ్యి. నాకు చెవులు సరిగ వినవడయి. మొన్న నువ్వు అడిగింది వినకుంటనే తలూపిన. మల్ల అడుగు" అన్నది, మగ్గాల మధ్య మాట్లాడినంత గట్టిగా. ఆఫీసులో తలలన్నీ ఇటు తిరిగాయి.

ద్రౌపది కొంగు దించి మళ్లీ అడిగింది. ఋతుజ ఆవిడ పెదాలనే చూస్తూ విన్నది.

"మునుగొచ్చు పెద్దమ్మా. పెరుగుతయని నేను మాటియ్య. నీకు గీ పైసలే ఉంటె అన్ని గీ ఫండ్ల పెట్టకు."

"మొన్ననే అడగరాదా బిడ్డా, మల్ల చెప్పమని?"

"అడిగితె నౌకరి పోతదని బుగులైంది."

ద్రౌపది చెక్కు మడిచి సంచిలో వేసుకుంది. ఋతుజ తలమీద చెయ్యి పెట్టి వెళ్లిపోయింది. నేనైతే అంతా అయిపోయిందనే అనుకున్నాను.

అమోల్ సారు ఋతుజను తన గదిలోకి రమ్మని సైగ చేసి, కంప్యూటర్ వైపు తిరిగి మరాఠీలో ఏదో అన్నాడు. వెనకే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డ నాకు వినిపించింది. ఋతుజకు వినిపించలేదు. ఉద్యోగం ఉందో పోయిందో తెలియక, అలవాటుగా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"సర్, వినబడలేదు. ఇటు తిరిగి చెప్పండి" అన్నది, తనూ మరాఠీలోనే.

ఆయన కుర్చీ తిప్పాడు. "ఈవేళ లెటర్ ఇవ్వను. ఇంకో నెల చూస్తాను. ముందు చెవులు డాక్టర్‌కి చూపించుకో."

"ఈ నెల జీతం పూర్తిగా వస్తుందా సర్?"

ఆయన తల ఊపాడు.

"నోటితో చెప్పండి సర్" అన్నది ఋతుజ.