మొదటి ముద్ద ఎవరి కంచంలోకి

ఆదివారం పూట మా అమ్మాయి ఇంటికొస్తే ముందు వాసన వచ్చేది, తరవాత అమ్మాయి. ఒక వారం వేయించిన వెల్లుల్లి, ఒక వారం కొబ్బరిపాలు, ఇంకో వారం ఎండురొయ్యల పొడి. చెప్పులు విప్పకుండానే మొదలెట్టేది. "అమ్మా, ఇయ్యాల ఆంటీ నన్ను చైనావాళ్ల వీధికి తీసుకెళ్లింది. అక్కడ బాతు కాలుస్తారు చూడూ..." నేను బియ్యం ఏరుతూ వినేదాన్ని. మధ్యమధ్య ఊఁ కొట్టేదాన్ని.

ఆ ఆంటీ ఎవరో చెప్పాలి. మా అమ్మాయి పనిచేసే ఆఫీసులో ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్ల నాన్న బర్మావాడు, అమ్మ షాన్ కొండల మనిషి. తండ్రి పోయేడు. తల్లీ కొడుకూ ఈ రంగూన్‌లోనే సంచౌంగ్ పేటలో ఉంటారు. పిల్లలిద్దరూ పెళ్లి చేసుకుంటామన్నారు, మేమూ కాదనలేదు. కాబోయే కోడలికి ఊరు చూపిస్తానని ఆ తల్లి ఆదివారం ఆదివారం మా పిల్లని వెంటబెట్టుకుని తిరిగేది. ఊరు చూపించడమంటే ఆవిడ లెక్కలో తిండి చూపించడమే. పుట్టి పెరిగిన రంగూన్‌ని మా పిల్లకి కొత్తగా చూపించడానికి ఆవిడెవరని నా ఉక్రోషం.

నేను బడికి వెళ్లలేదు. మా ముత్తాత సిక్కోలు వేపునించి ఓడెక్కి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చేడట. నాన్న కాలానికి కాస్త నిలదొక్కుకున్నాం. ఆయన నన్ను ఇంట్లోనే కూచోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించేడు. అమ్మ వంటిల్లు నేర్పింది, దేవుడి గది నేర్పింది. నా చదువంతా ఆ రెండు గదుల్లోదే. అందుకని దేవుడితో కొంచెం చనువెక్కువ. అమ్మాయికి ఈడొచ్చినప్పటినుంచి ఆయన్ని ఒకటే అడిగేను, ఆరళ్లు పెట్టే అత్త దొరక్కుండా చూడు తండ్రీ అని. శనివారం శనివారం దీపం పెట్టి మరీ అడిగేను. ఆయన విన్నాడు. కొంచెం ఎక్కువే విన్నాడు.

పడుకునే ముందు ఆ రోజు అందినవాటికి దండం పెట్టుకోవడం నాకు అలవాటు. కుళాయి వచ్చినందుకు, కాసేపైనా కరెంటున్నందుకు, మా ఆయన ఏటవతల తన్లిన్ రేవులో పని ముగించుకుని వంతెన దాటి క్షేమంగా వచ్చినందుకు. ఆ అత్తగారి వంతు వచ్చేసరికి మాత్రం మాట అడ్డం పడేది. మంచి మనిషినిచ్చావు తండ్రీ అనేదాన్ని. ఇంత మంచిదాన్ని నేనడిగేనా అని లోలోపల.

ఒక ఆదివారం అమ్మాయి మాటల్లో ఆంటీ పోయి 'అమే' వచ్చింది. బర్మా మాటలో అమే అంటే అమ్మ. పిల్ల గమనించలేదు. నేను గమనించేను. ఆ పూట పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయేను.

"ఏటే, వియ్యపురాలి మీద కుళ్లా?" అన్నారు మా ఆయన, ఆ పప్పు నోట్లో పెట్టుకుని.

"కుళ్లేటి. బయట తిండి తిని పిల్ల కడుపు పాడైపోద్దని."

"దాని కడుపు రాయి. నీ మొహమే పాడయ్యింది."

మీ అమ్మనీ తీసుకురా అని ఆవిడ ఎన్నోసార్లు కబురంపింది. మోకాళ్ల నొప్పన్నాను, పూజ ఉందన్నాను. ఆఖరికి వెళ్లేను. ఎంతకాలమని వాసన చూసి ఊహించుకోవడం? కళ్లతో చూసి కుళ్లుకోవడమే నయం అనిపించింది.

సంచౌంగ్ బజారు మొగలో మాకోసం ఎదురుచూస్తూ ఉంది. సన్నటి మనిషి, నెరిసిన ముడి, ముడిలో ఒక పువ్వు. "రండి అమా" అంది. అమా అంటే అక్క. నేనూ ఆవిడని అమా అనే పిలిచేను. ఎవరు పెద్దో తెలీనప్పుడు ఇక్కడ ఇద్దరూ ఒకరినొకరు అక్క అనుకోవడం మర్యాద.

ముందు మొహింగా. చేపల పులుసులో సన్నటి బియ్యపు సేమియా వేసిస్తారు. ఈ ఊళ్లో పొద్దున్న లేస్తే ప్రతి సందులోనూ దాని వాసనే. కాని నేనెప్పుడూ కొట్లో బల్ల మీద కూచుని తినలేదు. నాన్నకి బయట తిండి పడేది కాదు. ఆయన పోయేక కూడా ఆ మాట ఇంట్లో ఉండిపోయింది. పులుసులో అరటిదూట ముక్కలు వెన్నలా ఉడికేయి. పైన పప్పువడ నలిపి వేసిందా కొట్టావిడ. ఒక చెంచా తిన్నాను. బాగుంది. బాగోకపోతే ఎంత బాగుణ్ణు.

అంతలో కొట్టావిడ అమ్మాయి గిన్నె మీద కొత్తిమీర చల్లబోతే, ఈవిడ చెయ్యి అడ్డం పెట్టి, "పిల్లకి వద్దు" అంది.

"నీకు కొత్తిమీర పడదా?" అన్నాను తెలుగులో.

"చిన్నప్పటినుంచీ పడదు. నీ చారులో ఉంటాది కదాని తినేస్తాను."

ఇరవై ఆరేళ్లు నా చేతి చారు తాగిన పిల్ల.

పక్క సందులో షాన్‌వాళ్ల కొట్టుంది. పచ్చగా, వేడిగా, గరిటె జారుడుగా ఒక జావ పోసిచ్చేరు. నోట్లో పెట్టగానే తెలిసిపోయింది. "ఇది మా శనగపిండి" అన్నాను, దొంగని పట్టుకున్నట్టు.

"అవునమా. మీవాళ్ల దగ్గరే నేర్చుకుని ఉంటారు మావాళ్లు" అందావిడ, ఎంతో సంతోషంగా. దెబ్బలాటకి కూడా దొరకని మనిషి.

బస్సులో ఇద్దరం పక్కపక్కన కూచున్నాం. మొన్న వానాకాలంలో తనకి అరవై నిండేయని, పగోడాకెళ్లి దీపాలు వెలిగించి, ఇంక కొడుకు పెళ్లి ఒక్కటే కోరిక అనుకుని వచ్చేనని చెప్పింది. నేను తల ఊపేను. అలాటి కోరికలు నాకూ తెలుసు.

ఊరి నడిబొడ్డున దిగి మావాళ్ల వీధిలోకి నడిచేం. ఇక్కడైనా పెద్దరికం నాదే అనుకున్నాను. దోసెల బండివాడు మావాడే, గుళ్లో చూసిన మొహమే. వాడు నన్ను చూడలేదు. "రా అమా, రా" అని ఆవిడకి స్టూలు తుడిచేడు. వాళ్లమ్మ కంటి ఆపరేషన్ గురించి ఆవిడ అడిగింది, వాడు చెప్పేడు. వాళ్లమ్మకి కళ్లు కనపడటం లేదన్న సంగతే నాకు తెలీదు, ప్రతి పండక్కీ ఆమె పక్కనే కూచుని హారతి తీసుకుంటాను.

"సాంబారు నీళ్లలా ఉందే" అన్నాను అమ్మాయితో.

"నీళ్లు కాదమ్మగారూ" అన్నాడు వాడు అట్టు తిరగేస్తూ, "కందిపప్పు ధర అలాగుంది."

మధ్యాన్నం అయింది. అన్నం తినందే భోంచేసినట్టుండదని ఆవిడ ఒక బర్మా అన్నం కొట్టుకి తీసుకెళ్లింది. బల్ల నిండా చిన్నచిన్న గిన్నెలు పెట్టేరు. పంది వద్దని మా గురించి ఆవిడే ముందు చెప్పింది. కోడి కూర, రొయ్యలు, పచ్చికూరలు, వెదురు చిగురుతో వేయించిన మన గోంగూర.

బర్మావాళ్ల భోజనాల దగ్గర ఒక పద్ధతుంది. పెద్దవాళ్ల పళ్లెంలో మొదటి ముక్క వేసి, ఆ తరవాతే చిన్నవాళ్లు తింటారు. నాకు తెలియందేమీ కాదు, ఇరుగుపొరుగు ఇళ్లల్లో చూసిందే. మా అమ్మాయి చెంచా తీసుకుని, కోడి కూరలోంచి మంచి ముక్క ఏరి, ఆవిడ పళ్లెంలో వేసింది. ఆలోచించి వేసింది కాదు. చెయ్యి దానంతటదే వెళ్లింది. తరవాత తన పళ్లెంలో వేసుకుని అన్నం కలపడం మొదలెట్టింది.

ఆవిడ తినలేదు. "మీ అమ్మకేదీ?" అంది మెల్లగా.

అమ్మాయి తలెత్తింది. "అమ్మకెప్పుడూ వెయ్యలేదు అమే. అమ్మ మాతో కూచోదు. అందరం లేచేక తింటాది. నాకు తోచలేదు."

తప్పు పట్టినట్టు అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. ఆవిడ ఇంకేమీ అనకుండా ఒక ముక్క తీసి నా పళ్లెంలో తనే వేసింది. ఆ రోజు తిన్నవన్నీ నాకు గుర్తే. ఆ ముక్క రుచొక్కటే గుర్తులేదు.

మా ఇంట్లో మొదటి ముద్ద దేవుడిది. తరవాత మొగవాళ్లది, పిల్లలది. మిగిలింది నాది. మా అమ్మా అంతే తిన్నాది, అందులో నాకెప్పుడూ చిన్నతనం లేదు. పుణ్యమే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను. కాని పిల్ల పెద్దదై ఒక ముక్క వెయ్యాలంటే, వెయ్యడానికి నా కంచం అక్కడ ఉండాలి కదా. ఆవిడ నా పిల్లని ఎత్తుకుపోతోందని నెలలబట్టి కుళ్లుతున్నాను. ఆవిడ చేసిందల్లా పిల్ల పక్కన కూచుని తినడం.

అలా అనుకున్నంతమాత్రాన అసూయ పోతుందా? పోలేదు. కాకపోతే ఏం చెయ్యాలో తెలిసింది. పై ఆదివారం తల్లీకొడుకులని భోజనానికి పిలిచేను.

చేపల పులుసు, పులిహోర, ముద్దపప్పు, గోంగూర పచ్చడి. చారులో కొత్తిమీర వెయ్యలేదు. నైవేద్యం పెట్టి వచ్చి, గిన్నెలన్నీ బల్ల మధ్యలో పెట్టి, ఐదు కంచాలు వేసేను.

మా ఆయన లెక్క చూసుకున్నారు. "ఐదోది ఎవరికి?"

"నాకు."

"నువ్వు కూకుంటే వడ్డనెవరు?"

"మీకు చేతులున్నాయి కదా."

ఆయన తన చేతులు ఒకసారి చూసుకున్నారు.

వియ్యపురాలు వచ్చింది. ఎవరూ చెప్పకుండానే దేవుడి గది ముందు మోకాళ్ల మీద కూచుని దండం పెట్టింది. అదీ ఓర్చుకున్నాను. అందరం కూచున్నాం. కూచున్నానే గాని నాకు కాళ్లు నిలవలేదు. నెయ్యి అని ఒకసారి లేచేను, మంచినీళ్లని ఇంకోసారి.

"కూకోవే, కుర్చీ కాలుతోందా ఏటి" అన్నారాయన.

కూచున్నాను. అమ్మాయి పులుసు గిన్నెలో గరిటె పెట్టి ఎత్తింది. ఎత్తి, ఆగిపోయింది. ఒకవేపు ఆవిడ కంచం, ఒకవేపు నా కంచం.

"ఎవరు పెద్ద?" అని అబ్బాయి నవ్వేడు. "ఇద్దరూ ఒకరినొకరు అక్కా అంటే ఎలా తెలుస్తుంది?"

"నేనే చిన్న" అందావిడ వెంటనే. "అమాకి ముందు వెయ్యమ్మా."

బస్సులో నాతో చెప్పిన మాట ఆవిడ మర్చిపోలేదు. కావాలనే అంది. నేనొక్క మాట మింగేస్తే చాలు, మొదటి ముద్ద నా కంచంలో పడుతుంది. గరిటెలోంచి పులుసు చుక్కలు కారుతున్నాయి. ఆ మంచితనం మీద కూడా నాకు అసూయే కలిగింది, అబద్ధమెందుకు. అయితే ఆవిడ పెట్టింది పుచ్చుకుంటే అది మా పిల్ల పెట్టింది కాదు.

"అరవై నిండేయన్నారు కదమా" అన్నాను. "నాకింకా యాభై ఆరే. మీరే పెద్ద."

ఆవిడ నవ్వింది. "బస్సులో వాగకూడదు" అంది.

అమ్మాయి గరిటె అటు తిప్పి, పెద్ద ముక్క ఆవిడ కంచంలో వేసింది. తరవాత ఇంకో ముక్క తీసి తన కంచంలో వేసుకుంది. నా అన్నం తెల్లగానే ఉంది. పిల్ల తినలేదు. గరిటె పక్కన పెట్టి, వేళ్లతో ముక్క విడదీసి, నడిమి ముల్లు లాగి, చిన్న ముళ్లు ఒక్కొక్కటే ఏరి కంచం అంచున పెట్టి, మెత్తటి కండ ఎత్తి నా అన్నం మీద పెట్టింది. "తినమ్మా" అంది.

వియ్యపురాలు తన ముక్కలో ముళ్లు తనే తీసుకుంటోంది. నేను చూసేను. చూసి, అన్నంలో కలుపుకున్నాను.