ఆ రోజు లాబీలో నేను ఎదురు రాలేదు, ఖాదర్ బాబాయ్

నిన్న పొద్దున డ్యూటీకి వెళ్తూ రేపల్లె ప్యాసింజర్‌లో ఉండగా ఖాదర్ బాబాయ్ కూతురు షబానా ఫోన్ చేసింది.

"నాన్న పోయారక్కా. నిద్రలోనే."

చుట్టూ జనం. ఏడవడానికి కూడా చోటు లేదు. తెనాలిలో దిగి, హోటల్‌కి వెళ్లకుండా బాపట్ల రైలెక్కాను.

ఖాదర్ బాబాయ్ నాకు చుట్టం కాదు. తెనాలి స్టేషన్ దగ్గర మా పాత లాడ్జికి ఇరవై ఏళ్లు మేనేజర్. టెన్త్ ఫెయిలై, ఏ పనీ రాని నాకు ఉద్యోగమిచ్చిన మనిషి. ముడత లేకుండా దుప్పటి పరవడం దగ్గర్నుంచి అన్నీ ఆయనే నేర్పారు.

తర్వాత మా ఓనర్ గారు ఒక ఫారిన్ హోటల్ కంపెనీతో అగ్రిమెంట్ చేసుకున్నారు. లాడ్జి పడగొట్టి అదే స్థలంలో ఐదంతస్తులు, పైన వాళ్ల బోర్డు. పాత స్టాఫ్‌కి ఇంటర్వ్యూ పెడతామన్నారు. ఇంగ్లిష్‌లో.

మేం తొమ్మిది మందిమీ అప్పుడే ఆశ వదిలేసుకున్నాం. బాబాయ్ వదల్లేదు.

నెల రోజులు, రోజూ మధ్యాహ్నం డైనింగ్ హాల్లో మాకు క్లాసు. ఆయన గెస్ట్, మేం స్టాఫ్. నేను తల దించుకుని "గుడ్ మార్నింగ్ సార్" అంటే, "నేల మీద ఎవరున్నారు సుజాతా? నా మొహం చూసి చెప్పమ్మా!" అని కేకేసేవారు. అందరం పడీ పడీ నవ్వేవాళ్లం.

తొమ్మిది మందికీ ఉద్యోగాలొచ్చాయి.

బాబాయ్‌కి రాలేదు. హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ కావాలట.

మాతో మాత్రం "బాపట్లలో నాకు ఇంతకంటే మంచి పోస్టు దొరికిందమ్మా" అని చెప్పి, స్వీట్లు పంచి వెళ్లిపోయారు.

ఆ పోస్టేంటో, బాపట్లలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు తెలిసింది. కల్యాణమండపం గేటు దగ్గర విజిల్ ఊదుతూ కార్లు పార్క్ చేయిస్తున్నారు. నన్ను చూసి విజిల్ జేబులో పెట్టేసుకున్నారు. సూపర్‌వైజర్ అయ్యానని చెబితే ఆ మొహంలో సంతోషం చూడాలి.

"ఓసారి వచ్చి చూస్తానమ్మా నీ హోటల్ని."

రండి బాబాయ్ అన్నాను.

పోయిన నెల వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పండక్కి వచ్చినట్టు. గ్లాస్ డోర్ దగ్గర సెక్యూరిటీ ఆపాడు. "ఎవరి కోసమండి? బుకింగ్ ఉందా?" అని అడుగుతున్నాడు. బాబాయ్ నా పేరు చెప్పడం నాకు వినిపించింది.

నేను లాబీలోనే ఉన్నాను. పక్కన ఇన్‌స్పెక్షన్‌కి ఢిల్లీ నుంచి వచ్చిన సార్లు. డ్యూటీలో మనకోసం ఎవరూ రాకూడదని రూల్.

బాబాయ్‌ని చూశాను.

చూసి, లిఫ్ట్ వైపు వెళ్లిపోయాను.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. "ఎంత బాగుందమ్మా మీ లాబీ! పనిలో ఉన్నావని నేనే వచ్చేశాలే. యూనిఫామ్ నీకు భలే నప్పింది."

అంటే నన్ను చూశారు. వెళ్లిపోవడం కూడా చూశారు.

ఫోన్‌లో కాదు, ఎదురుగా వెళ్లి సారీ చెబుదామనుకున్నాను. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూనే నెల గడిచిపోయింది.

నిన్న వెళ్లాను. షబానా నన్ను పట్టుకుని, వచ్చిన చుట్టాలతో "ఈమేనండి సుజాతక్క. పెద్ద హోటల్లో సూపర్‌వైజర్. నాన్న అందరికీ చెప్పుకునేవారు" అంది.

అక్కడే కూలబడి ఏడ్చాను. ఎందుకంతలా ఏడుస్తున్నానో వాళ్లకి తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వెళ్లిరండి బాబాయ్. నన్ను క్షమించండి. మీరు నమ్ముకున్న అల్లా మిమ్మల్ని చల్లగా చూసుకోవాలి.