కొయ్య నడిచి రాదు

దండెం కట్టేటప్పుడు అవతలి కొస పట్టుకునే మనిషి లేకపోతే నాకు రంభ రైలు స్టేషను గుర్తొస్తుంది. అప్పటికి గంజాం ఇంకా మద్రాసు సర్కారులోనే ఉండేది.

ఒక సాయంత్రం అక్కడి రేకుల పంచలో, బండి కోసం చూస్తూ నేనూ, ఒక పడవాయనా ఇద్దరమే ఉన్నాం. ఆయన కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు. చిలకా సరస్సులో తెరచాప పడవ మీదే కాపురమట. పాత తాడు తెగిందా అని అడిగాను.

"లేదు బాబూ. తెగినాక పేనితే ఏటి లాభం? ఇది వచ్చే ఏడు దక్షిణపు గాలికి. ఈ కొస కాస్త పట్టుకుంతారేటి?"

నాకూ తోచక లేచి పట్టుకున్నాను. ఆయన మెలిపెడుతుంటే తాడు బిగిసి నన్ను లాగింది. కాళ్లు తన్నిపట్టి నేనూ వెనక్కి లాగాను.

"లాగకండి. మెలి తిరిగేకొద్దీ తాడు పొట్టయిపోద్ది. అది రమ్మంతే మీరు రావాలి."

అలా అడుగులో అడుగు వేసుకుంటూ ఆయన దగ్గరికి వచ్చేశాను.

"పడవలో ఎవరు పట్టుకుంటారు?"

"మా ఇంటిది పట్టుకునీది. అది పోయాక తెరచాప కొయ్యకి కట్టి సూసినాను. కొయ్య నడిసి రాదు గదా బాబూ. తాడు బిగిసి తెగిపోతంది."

ఇంతలో మద్రాసు వైపు బండి వచ్చింది. కొస ఆయన చేతికిచ్చి ఎక్కాను. ఆయనా ఇదే బండికి వచ్చాడనుకుని పక్కన చోటుంచి, రమ్మని చెయ్యి ఊపాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

బండి కదిలాక చూశాను. తాడు కొస చేత్తో పట్టుకుని, బండి దిగినవాళ్ల వైపు నడుస్తున్నాడు.