తెరచాప పడవే కావాలన్నాను

తిరుపతి నుంచి పులికాట్ సరస్సు దాకా కారులో మా బావతో పోట్లాడుతూనే ఉన్నాను. చేపల వేటకు ఇంజను బోటు మాట్లాడదామంటాడు ఆయన. ఆ రొద, ఆ డీజిలు కంపు సరస్సును నాశనం చేస్తున్నాయని, తెరచాప పడవైతేనే ఎక్కుతానని నేను. చివరికి నా మొండితనమే గెలిచింది.

సరస్సు మధ్యకు చేరేసరికి గాలి ఆగిపోయింది. తెరచాప తడిగుడ్డలా వేలాడింది. వలలో ఒక్క చేపా పడలేదు. పడవాయన మిట్టమధ్యాహ్నపు ఎండలో వెదురుగడతో పడవను తోస్తున్నాడు. మా బావ ఒక్క మాటా అనలేదు. ఆ మౌనానికే నాకు ఒళ్లు మండి, పడవాయన మీద విరుచుకుపడ్డాను.

"గాలి ఉంటుందో లేదో చూసుకోవద్దా? రోజూ వేటకు ఇట్లాగే పోతావా?"

ఆయన గడ ఆపలేదు. "వేటకు ఇంజను బోట్లోనే పోతాను సార్. ఈ తెరచాప మీ మాదిరోళ్లు అడిగితేనే కట్టేది."

మా బావ నవ్వలేదు. "ఎండగా ఉండాది, నీళ్లు తాగబ్బా" అని ప్లాస్టిక్ సీసా నా చేతికిచ్చాడు. నేను దాన్ని సరస్సులోకి విసిరికొట్టాను.

పడవాయన దాన్ని ఏరడానికి పడవను అటు తిప్పాడు.