ఏరి తెచ్చిన మచ్చు

గుంటూరులో మిర్చి యార్డుకు దగ్గర్లోని ఒక ప్రైవేటు ల్యాబులో నేను కెమిస్టుగా పనిచేసిన రోజులవి. వేరుశనగ, నువ్వులు, పప్పులు, ఏ గింజ వచ్చినా తేమ ఎంత, నూనె ఎంత, బూజు విషం ఉందా లేదా అని తేల్చేవాళ్ళం. యార్డు ఘాటుకు దగ్గుతూనే తేల్చేవాళ్ళం. మా యజమానికి మాత్రం గింజ ఎలా ఉందన్నదానికన్నా రిపోర్టు మీద స్టాంపు తిన్నగా పడిందా అన్నదే ముఖ్యం.

ఒక వానాకాలం దర్శి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. అక్కడి పిల్లల హాస్టల్లో వంటమనిషి. ఆమె కూతురూ ఆ హాస్టల్లోనే ఉండి చదువుకునేది. సాయంత్రాలు పిల్లలకు పెట్టే వేరుశనగ గింజలు బూజు పట్టాయనీ, తిన్నవాళ్ళు కక్కుకుంటున్నారనీ ఆమె గొడవపడింది. “అంత అనుమానమైతే నువ్వే పట్టుకెళ్ళి పరీక్ష చేయించు. బాగున్నాయని వస్తే మళ్ళీ నోరెత్తకూడదు,” అన్నాడట వార్డెన్. ఆ బస్తాలను ఎలాగైనా బయటికి పంపించాలని ఆమె పంతం. ఉతికిన గుడ్డసంచిలో గింజలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

గింజలు నూరి, రసం తీసి, పలక మీద చుక్క పెట్టి, అతినీలలోహిత దీపం కింద చూశాను. విషం ఉంటే ఆ చుక్క నీలంగా మెరవాలి. మెరవలేదు.

“గింజలు శుభ్రంగా ఉన్నాయమ్మా,” అన్నాను.

“అదేంటండీ మేడం గారూ, బస్తా విప్పితే ముక్కవాసన కొడతంటే.”

“బస్తాలోంచి ఎలా తీశావు?”

“చేటలో చెరిగి, బూజువి ఏరేసి తెచ్చానండి. చదువుకున్నోళ్ళు, ఆ కుళ్ళు గింజలు మీ చేతిలో ఎట్టా పెడతానండి?”

“ఏరేసినవి?”

“మళ్ళీ బస్తాలోనే పోశానండి. పారబోస్తే వార్డెన్ గారు ఊరుకోరుగా.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బస్తా పైనా, మధ్యా, అడుగునా ఉన్నది ఉన్నట్టు తీస్తేనే అది మచ్చు. ఈమె పెళ్ళివారికి పెట్టబోతున్నట్టు ఏరి తెచ్చింది. మళ్ళీ మచ్చు తెప్పిద్దామని యజమానిని అడిగాను. “ఇచ్చిన మచ్చుకే రిపోర్టు. ఆవిడ ఏరిందో కడిగిందో మనకెందుకు?” అన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు. రిపోర్టు వార్డెన్‌కు వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ఖాళీ సంచి పట్టుకుని నేనే దర్శి బస్సెక్కాను. వార్డెన్ మర్యాదగా కుర్చీ వేసి, కాఫీ తెప్పించాడు. రిపోర్టును లామినేషన్ చేయించి వంటగది గోడకు తగిలించాడు. ఇంకోసారి మచ్చు తీసుకుంటానంటే నవ్వాడు.

“మీ రిపోర్టే కదండీ మేడం. మీ మీద మీకే నమ్మకం లేదా?”

ఆ కాఫీ అతని మొహాన కొట్టాలనిపించింది. బస్తాల గదికి తాళం, తాళంచెవి అతని జేబులో.

ఇంతలో పిల్లలకు పెట్టే వేళయింది. వడ్డించే పని కావాలనే ఆ వంటమనిషికి అప్పగించాడు. ఆమె గ్లాసుతో కొలిచి ఒక్కొక్కరి కంచంలో గింజలు పోస్తోంది. కూతురు వంతు వచ్చింది. ఆ పిల్ల నాలుగు గింజలు నమిలి, అరచేతిలోకి ఉమ్మేసింది.

“చేదుగా ఉన్నాయమ్మా.”

వార్డెన్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె అతని వైపూ చూడలేదు, నా వైపూ చూడలేదు.

“గుంటూరులో పరీక్ష చేయించానుగా. తిను.”

పిల్ల అరచేతిలోది మళ్ళీ నోట్లో వేసుకుంది.